మళ్ళీ లెవెల్ మూడు నుంచా?

మా బావ మస్కట్ నుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడు. మూడొంతులు వాళ్ళ క్యాంపులో పోసే సాంబారు మీద తిట్లే, చివర్లో మాత్రం గొంతు మార్చి "ఒరే, రన్‌స్కేప్ మళ్ళీ మొదలెట్టాను, గ్రూప్ ఐరన్‌మ్యాన్ పెడదామనుకుంటన్నాను, నువ్వొస్తే మనిద్దరం, రాపోతే ఎవుడో ముక్కూమొహం తెలీనోడితో పెట్టుకోవాలి, ఆలోచించి చెప్పు" అన్నాడు. ఆలోచించడం మొదలెట్టినవాణ్ణి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, పెళ్ళాం పిల్ల ఉన్నవాడు, రోజూ రైలెక్కి ఉద్యోగానికి పోయొచ్చేవాడు ఒక గేమ్ ఆడాలా వద్దా అని ఇంతగా గింజుకోవడమేటని నవ్వుకోండి పర్లేదు, మా ఆవిడ ఆల్రెడీ నవ్వింది.

తెలీనివాళ్ళకి రెండు ముక్కలు చెప్తాను. రన్‌స్కేప్ అనేది ఇంగ్లండ్‌లో గోవర్ అన్నదమ్ములు తయారుచేసిన ఆట, 2001లో మొదలైంది, 2004లో కొత్త ఇంజిన్‌తో రెండో వెర్షన్ వచ్చింది, మేం ఎరిగింది ఆ రెండోదే. లోపల ఒక పెద్ద దేశం ఉంటది, ఊళ్ళు, కోటలు, అడవులు, ఓడరేవులు, గనులు. నువ్వొక మనిషివి. చెట్టు నరుకుతావా, చేపలు పడతావా, ఇనుము కరిగించి కత్తి చేస్తావా, నీ ఇష్టం. కథ అంటూ ఒకటుండి దాన్ని పూర్తిచేస్తే అయిపోయే గేమ్ కాదు. ఒక్కో సర్వర్‌ని వరల్డ్ అంటారు, ఒక్కో వరల్డ్‌లో రెండువేలమంది దాకా పట్టేవారు, అందరూ నిజం మనుషులే, వాళ్ళ పక్కనే నిలబడి చెట్టు నరుకుతుంటే "నీ లెవెల్ ఎంత" అని అడుగుతారు.

మేం ఆడింది మా ఊరు పర్లాకిమిడిలో, అంటే ఆంధ్రా సరిహద్దుని ఆనుకునున్న ఒడిశా ఊళ్ళో, బజారు వెనక సందులో ఉండే నెట్ కేఫ్‌లో, 2006 నుంచి ఒక నాలుగైదేళ్ళు. ఐదు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు, గంటకి 15 రూపాయలు, రిజిస్టర్‌లో పేరు రాసి టైమ్ వెయ్యాలి. కేఫ్ అన్నయ్య ఒడియా ఆయన, తెలుగు మాతో సమానంగా మాట్లాడీవాడు గానీ గంట అయిపోగానే మాత్రం "ఏయ్ గుంటలారా, టైమ్ హెలా!" అని ఒడియాలో అరిచీవాడు, ఆ అరుపుకి తెలుగు పనికిరాదేమో మరి. ఆయన కంప్యూటర్లో ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యనిచ్చీవాడు కాదు, వైరస్ వస్తదని భయం. అందుకే ఈ గేమ్ మాకు దక్కింది, బ్రౌజర్ తెరిచి జావా ఉంటే చాలు, గేమ్ వచ్చీసేది. లో డీటెయిల్ అని ఒక ఆప్షన్ ఉండేది, దాంట్లో ఇళ్ళ కప్పులు కనపడవు, నేల చదునుగా ఒకే రంగులో ఉంటది, మా మెషిన్లకి అదే గతి. చాలా ఏళ్ళ తర్వాత ఎవరిదో వీడియోలో వారాక్ ఊరు హై డీటెయిల్‌లో చూసి, ఓహో ఈ బ్యాంకుకి పైకప్పుందా అనుకున్నాను.

ఇంకో సంగతి, ఇది నాకు ఈమధ్యే తెలిసింది. ఈ గేమ్ లోపలి గడియారం 0.6 సెకన్లకోసారి కొట్టుకుంటది. నువ్వెంత తొందరగా నొక్కినా, నెట్ ఎంత ఫాస్ట్‌గా ఉన్నా పని జరిగేది ఆ దెబ్బ పడినప్పుడే. బరంపురం కేఫుల్లో కుర్రోళ్ళు ల్యాన్ మీద తుపాకీ ఆటలు ఆడుతుంటే మాకు ఆ యోగం లేదని అప్పట్లో కుళ్ళుకునేవాళ్ళం గానీ, నీళ్ళు కారినట్టు సన్నగా వచ్చే మా లైన్ మీద ఇంగ్లండ్ సర్వర్లో ఉన్నవాడితో సమానంగా ఆడగలిగామంటే ఆ 0.6 సెకన్ల పుణ్యమే.

బావది పాతపట్నం. మ్యాప్‌లో చూస్తే వేరే రాష్ట్రం, నేల మీద చూస్తే మహేంద్రతనయ దాటితే వచ్చీసే ఊరు. చిన్నరైలు 2004లో ఆగిపోయింది, బ్రాడ్‌గేజ్ వేస్తామని పట్టాలు పీకేశారు, అంచేత మా కేఫ్ రోజులన్నీ రైలు లేని రోజులే. బావ సైకిల్ మీద వచ్చీవాడు, ఆదివారం పొద్దున్నే, జేబులో వాళ్ళ నాన్న కొట్టు గల్లాపెట్టెలోంచి తెచ్చిన చిల్లర. (అడిగే తెచ్చీవాడంట, ఇప్పటికీ అదే మాట మీదున్నాడు.) రెండు కంప్యూటర్లు తీసుకుంటే ముప్పై రూపాయలు, ఒకటి తీసుకుని పక్కన కూచుంటే పదిహేను, కాబట్టి నెలాఖరులో ఒకే కుర్చీ మీద ఇద్దరం చెరో సగం కూచునీవాళ్ళం. ఒకడు మౌస్, ఇంకొకడు బుర్ర. మధ్యలో ఆలూచాప్, మూడీ (అంటే మరమరాలు) పొట్లం. కీబోర్డు మీద నూనె చేతులు పెట్టొద్దని అన్నయ్య చెప్పని రోజు లేదు, మేం పెట్టని రోజూ లేదు.

మొదట్లో అందరిలాగే లంబ్రిడ్జ్ అనే ఊరి పక్కన ఆవుల దొడ్లో పడ్డాం. ఆవుని చంపితే తోలు వస్తది, తోలు పట్టుకుని అల్ ఖరీద్ అనే ఎడారి ఊరికి పోతే గేటు దగ్గర పది నాణేలు సుంకం, లోపల తోలు శుద్ధిచేసేవాడు ఉంటాడు. మా నాయనమ్మ ఒకసారి ఏదో పనిమీద కేఫ్‌కి వచ్చి, తెర మీద మేం ఆవుల్ని కొట్టడం చూసి పాపం నిజంగానే బాధపడింది, ఆ రోజు నుంచి కొన్నాళ్ళు కోళ్ళనే చంపాం.

డబ్బులు కావాలంటే ఎండ్రొయ్యలే, అంటే లాబ్‌స్టర్లు. ఫిషింగ్ లెవెల్ 40 ఉండాలి, బోను కావాలి, కరాంజా అనే దీవికి పోవాలి. పోర్ట్ సరిమ్ రేవులో ఓడెక్కితే 30 నాణేలు. ఆ దీవిలో అరటితోట ఒకటుంది, తోటవాడి దగ్గర పనికి కుదిరి పది అరటిపళ్ళు కోసి పెట్టెలో పెడితే సరిగ్గా 30 నాణేలు కూలి ఇస్తాడు, అంటే ఓడ ఛార్జీకి కొత్తా పాతా సరి. ఈ లెక్క ఎవరు పెట్టారో గానీ వాడు వలస కూలీల బతుకు బాగా ఎరిగినవాడే అయ్యుంటాడు. సంచిలో 28 గళ్ళు, ఒకటి బోనుకి పోతే మిగిలినవాట్లో ఎండ్రొయ్యలు, అవి నిండాక దాచుకుందామంటే దీవిలో బ్యాంకు లేదు, మళ్ళీ ఓడ, మళ్ళీ డ్రేనర్ ఊళ్ళో బ్యాంకు దాకా నడక. నడక అంటే నిజంగా నడకే, పరిగెత్తడానికి ఓపిక శాతంలో ఉంటది, అది అయిపోతే కాళ్ళీడ్చుకుంటూ పోవాల్సిందే. ఈలోగా బావ నిజం ప్రపంచంలో లేచి కొళాయి దగ్గర నీళ్ళు తాగి వచ్చీవాడు, మనిషి ఇంకా సగం దారిలోనే ఉండేవాడు.

ఇదంతా విసుగు పని కదా అంటే విసుగే. కానీ ఆ విసుగులో మాట్లాడుకున్నన్ని మాటలు మేం ఇంకెక్కడా మాట్లాడుకోలేదు. తర్వాత బావకి పాతపట్నంలోనే ఒక కేఫ్ దొరికింది, అప్పుడు ఆయన అక్కడ, నేనిక్కడ. ఫోన్ చేసుకుందామంటే మా ఏరియాలో సెల్ పెద్ద తంటా, గోడకి ఈ పక్కన నిలబడితే ఒడిశా టవర్, ఆ పక్కకి పోతే ఆంధ్రా టవర్, తెలీకుండా రోమింగ్ పడి బ్యాలెన్స్ ఎగిరిపోయేది. గేమ్‌లో మెసేజ్‌కి మాత్రం రాష్ట్రం లేదు. రేపు రథయాత్రకి వస్తన్నారా, అత్తకి ఎలా ఉంది, ఆ పిల్ల నీ వైపు చూసిందా, అన్నీ ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, కరాంజా రేవులో నిలబడి. పక్కనున్న ఎవడో విదేశీ కుర్రాడు అది ఏ భాష అని అడిగితే బావ టైప్ చేసిన జవాబు: పాతపట్నం.

(మధ్యలో ఒక మాట, ఇలా నోటికొచ్చినట్టు రాస్తున్నందుకు తిట్టకండి, వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఆ మాత్రం హక్కుందనుకుంటాను.)

సరే, 2008 సంగతికి వస్తాను, ఎందుకంటే నా నిర్ణయం మొత్తం దాని చుట్టూనే తిరిగింది. అప్పట్లో గేమ్ బంగారాన్ని బయట నిజం డబ్బులకి అమ్మే ముఠాలు బాగా పెరిగిపోయాయి, దొంగ క్రెడిట్ కార్డులతో మెంబర్‌షిప్పులు (డబ్బు కట్టి ఆడే అకౌంట్లు) కట్టి బాట్‌లు, అంటే మనిషి లేకుండా వాటంతటవే ఆడేసే ప్రోగ్రాములు, నడిపేవారు. వాటిని ఆపాలని 2007 డిసెంబర్‌లో వైల్డర్‌నెస్ అనే ప్రాంతంలో మనిషిని మనిషి చంపడం తీసేశారు, 2008 జనవరి మొదట్లో ఉచితంగా ఇచ్చిపుచ్చుకోవడం కూడా తీసేశారు. అంటే ఇద్దరు వస్తువులు మార్చుకుంటే రెండువైపులా విలువ సుమారుగా సమానం ఉండాలి, మొదట్లో తేడా 3,000 నాణేలు దాటకూడదు. కొనాలన్నా అమ్మాలన్నా గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అని 2007 నవంబర్‌లో పెట్టిన బజారుంది, అందులో పెట్టు, ఎవడు అమ్మాడో ఎవడు కొన్నాడో తెలీదు, సరుకు వచ్చేస్తది.

అప్పటికి బావ నాకంటే చాలా ముందున్నాడు. నాకు అటాక్ లెవెల్ 40 వచ్చిన రోజు, రూన్ అనే లోహంతో చేసిన కత్తి పట్టగలిగే లెవెల్ అన్నమాట, తన దగ్గరున్న రెండు రూన్ సిమిటార్లలో ఒకటి నాకిస్తానన్నాడు. వంకర కత్తి, నీలం ఛాయ, ఆ రోజుల్లో మాలాంటి ఉచితం ఆటగాళ్ళకి దానికి మించింది లేదు. వారాక్ పడమటి బ్యాంకు దగ్గర కలిశాం. ట్రేడ్ విండో తెరిచాడు, కత్తి పెట్టాడు, నా వైపు ఏమీ లేదు. కుదరదంది. నేను నా దగ్గరున్న ఎండ్రొయ్యలన్నీ పెట్టాను, అయినా కుదరదు. దుంగలు పెట్టాను. చివరికి ఒంటిమీద కవచం విప్పి పెట్టాను, బావ "ఒరే ఆపరా, నువ్వు బట్టలిప్పేసుకుంటే జనం చూస్తన్నారు" అని టైప్ చేశాడు. అత్త కొడుక్కి కత్తి ఇవ్వడానికి కుదరని దేశమేటిది అని ఆయనకి ఎంత కోపం వచ్చిందంటే కొన్నాళ్ళు లాగిన్ అవడమే మానేశాడు. నేను ఎండ్రొయ్యలు అమ్ముకుని ఎక్స్ఛేంజ్‌లో కత్తి కొనుక్కున్నాను. అదే కత్తి, అదే నీలం. బావ ఇచ్చింది కాదు, అంతే తేడా.

డ్రాగన్ సంగతి కూడా చెప్పకపోతే ఊరుకోలేను. ఉచితం ఆటగాళ్ళకి అన్నిటికంటే పెద్ద పని డ్రాగన్ స్లేయర్ అనే క్వెస్ట్, మ్యాప్ మూడు ముక్కలు వెతికి కలపాలి, ఓడ కొనాలి, దాన్ని పలకలూ మేకులూ వేసి బాగుచేయించాలి, క్రాండర్ దీవికి పోయి ఎల్వార్గ్ అనే డ్రాగన్‌ని చంపాలి, అప్పుడు గానీ రూన్ ప్లేట్‌బాడీ అనే కవచం ఒంటిమీద వేసుకోనివ్వరు. లంబ్రిడ్జ్ కోటలో డ్యూక్ గారు నిప్పుకి అడ్డంగా ఒక డాలు ఇస్తాడు. ఆ రోజు బావ ప్రత్యేకంగా వచ్చాడు, నా కుర్చీ వెనక నిలబడ్డాడు. డ్రాగన్ ముందుకు పోయాను, అది ఊదుతోంది, నేను నరుకుతున్నాను, రక్తం గీత ఎర్రబడుతోంది, వెనకనుంచి "తినరా, తిను, ఏటి చూస్తన్నావు, తిను!" ఎండ్రొయ్య తింటే 12 పాయింట్లు, ఒకటి తిన్నాను, రెండు తిన్నాను, దాని గీత పావు వంతుకి వచ్చింది, టప్‌మని ట్యూబ్‌లైట్లు ఆరిపోయాయి. కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంటోంది, తెర ఇంకా వెలుగుతోంది, కానీ మోడెమ్‌కి యూపీఎస్ లేదు. నా మనిషి తెర మీద కత్తి ఎత్తిన పోజులోనే ఉండిపోయాడు, కనెక్షన్ పోయింది, ఆగమని రాశాడు. ఆ చీకట్లో కేఫ్ అన్నయ్య కొవ్వొత్తి వెలిగించి మా దగ్గరికొచ్చి, బావ మొహం చూసి, "ఎవరైనా పోయారా?" అని అడిగాడు.

పోయింది నేనే. కరెంటొచ్చాక చూస్తే లంబ్రిడ్జ్‌లో ఉన్నాను, చచ్చినవాడు మళ్ళీ లేచేది అక్కడే. చస్తే విలువైనవి మూడు మిగులుతాయి, మిగతావి పోతాయి, కత్తి మిగిలింది, డాలు పోయింది. డ్యూక్ గారు పాపం మళ్ళీ ఇస్తాడు, పలకలూ మేకులూ మాత్రం మళ్ళీ మనమే. ఆ తర్వాతి ఆదివారం చంపాననుకోండి, కానీ ఆ చంపడం నాకు అంతగా గుర్తులేదు, కొవ్వొత్తే గుర్తు.

ఎలా మానేశామంటే, ఎవరూ మానేయలేదు. బావ ఐటీఐకి విశాఖ పోయాడు, అట్నుంచి మస్కట్. నేను డిగ్రీలో పడ్డాను. కేఫ్ మూతపడింది, ఫోన్లొచ్చాయి కదా. 2011లో ఉచిత ట్రేడ్ తిరిగి తెచ్చారట, కోపం వచ్చిన బావ అప్పటికి గేమ్‌లో లేడు, చెప్పడానికి నేనూ లేను. 2012 నవంబర్‌లో యుద్ధం చేసే పద్ధతంతా మార్చేశారు, చాలామంది పాతవాళ్ళు వెళ్ళిపోయారు. అప్పుడు గేమ్ కంపెనీవాళ్ళ దగ్గర 2007 ఆగస్టు నాటి గేమ్ కాపీ ఒకటి బ్యాకప్‌లో దొరికింది, దాన్ని తెరవమంటారా అని ఓటింగ్ పెడితే నాలుగున్నర లక్షలమంది దాకా ఓటేశారు, 2013 ఫిబ్రవరిలో ఓల్డ్ స్కూల్ రన్‌స్కేప్ అని వేరే గేమ్‌గా తెరిచారు. దాంట్లో కొత్తగా ఏది పెట్టాలన్నా ఆటగాళ్ళే ఓటెయ్యాలి, మొదట 75 శాతం రావాలనేవారు, 2022లో 70కి తగ్గించారు. మన పంచాయతీల్లో పెట్టండి చూద్దాం ఆ రూలు.

ఇక్కడే ఉంది చిక్కంతా. ఆ బ్యాకప్‌లో ఊళ్ళున్నాయి, మనుషుల్లేరు. అంటే ఓల్డ్ స్కూల్‌లో అందరూ లెవెల్ మూడు నుంచి, అంటే కొత్తగా చేరినవాడికుండే లెవెల్ నుంచి, మొదలెట్టాల్సిందే, ఎవడి పాత లెక్కలూ చెల్లవు. నా పాత మనిషి, కత్తీ దుంగలతో సహా, మారిపోయిన గేమ్‌లోనే ఉన్నాడు.

ఒకసారి ప్రయత్నం చేశాను, 2018లో. ఆ ఏడాది అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, ఉద్దానం కొబ్బరీ జీడీ పడుకున్నాయి, మా గజపతి జిల్లాలో వరదలు, కొండచరియలు, చాలా ప్రాణాలు పోయాయి. కరెంటు ఎన్నాళ్ళకి వచ్చిందో చెప్తే నమ్మరు. కరెంటొచ్చి ఊరు కాస్త కుదుటపడుతుండగా అక్టోబర్ 30న ఓల్డ్ స్కూల్ మొబైల్‌లోకి వచ్చింది. దింపుకున్నాను. లంబ్రిడ్జ్ కోట వెనక చెట్టు నరకడం మొదలెట్టాను. కిటికీలోంచి చూస్తే పెరట్లో మా పనసచెట్టు వేళ్ళతో సహా పడుంది, దాన్ని కోసేవాళ్ళ కోసం నాన్న తిరుగుతున్నాడు, నేనేమో వేలితో ఫోన్లో చెట్లు నరుకుతున్నాను. ఏదోలా అనిపించి తీసేశాను.

బావ మెసేజ్ వచ్చాక ముందు చేసిన పని పాత అకౌంట్ వెతుక్కోవడం. అప్పటి ఈమెయిల్ లేదు. రికవరీ ఫారంలో పాత పాస్‌వర్డులు అడుగుతాడు, తాతగారింటి ల్యాండ్‌లైన్ నంబరు కొట్టాను, ఆ ఫోనూ లేదు, తాతా లేడు, నంబరు మాత్రం వేళ్ళకి గుర్తుంది. కొన్నాళ్ళకి వచ్చింది అకౌంట్. నేను పనిచేసే కాలేజీలో కంప్యూటర్ మీద సాయంత్రం అందరూ పోయాక తెరిచాను. నా మనిషి ఉన్నాడు. బ్యాంకులో యూ చెట్టు దుంగలు, పచ్చి ఎండ్రొయ్యలు, ఎందుకు దాచానో తెలీని ఒక కేకు ముక్క. కానీ చుట్టూ ఏదీ నాది కాదు. తెర నిండా బొత్తాలు, కత్తి ఊపడానికి కూడా ఒక వరస, ఆకాశం కనిపిస్తోంది, దూరం కనిపిస్తోంది, ఇళ్ళకి కప్పులున్నాయి.

మా తాత చెప్పీవాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయినప్పుడు ఆయన చిన్నపిల్లాడు, మద్రాసు రాష్ట్రంలో నిద్రపోయి ఒడిశాలో లేచాడు, మంచం అదే, చూరు అదే, పాతపట్నంలో వాళ్ళ మావయ్య మాత్రం పరాయి రాష్ట్రం వాడైపోయాడు. నా మనిషిది అచ్చంగా అదే కేసు. వాడు కదల్లేదు, గీత కదిలింది. తాత తొంభై దాటేదాకా ఆ గీతకి ఈ పక్కే బతికాడు, ఒడియాలో సంతకం పెట్టడం నేర్చుకున్నాడు, బాగానే బతికాడు. నాకు అంత ఓపిక లేదు, లాగౌట్ కొట్టాను.

అంటే పాతవాడితో కొత్త దేశం వద్దు, తేలిపోయింది. ఇక మిగిలింది పాత దేశంలో కొత్తవాడు. కాగితం మీద లెక్కేశాను. ఏ పనిలోనైనా ఆఖరి లెవెల్ 99, దానికి 1,30,34,431 పాయింట్లు కావాలి. చిత్రమేంటంటే 92కి వచ్చేసరికి సగమే అవుతది, మిగతా ఏడు లెవెల్స్ ఇంకో సగం. యూ చెట్టు దుంగకి 175 పాయింట్లు, లెవెల్ 60లో మొదలెడితే 99కి దాదాపు 73 వేల దుంగలు. మా ఆవిడ, ఆవిడది రాయగడ, నా లెక్క చూసి "ఈ కట్టెలన్నీ ఎవరికి? పెళ్ళా, చావా?" అంది. నవ్వింది అప్పుడే. తర్వాత సీరియస్‌గానే అడిగింది, పాప పడుకునే టైమ్‌లో ఫోన్ పట్టుకుంటావా అని. అది మాత్రం న్యాయమైన ప్రశ్న.

నాకున్న ఖాళీ బండిలోనే. 2011 నాటికి బ్రాడ్‌గేజ్ గుణుపురం దాకా వచ్చింది, నేను రోజూ దాంట్లోనే పోతాను, అక్కడ కాలేజీ ల్యాబ్‌లో పని. గంట పైనే ప్రయాణం. సిగ్నల్ వస్తది, పోతది, అంచేత ప్రాణం మీదికొచ్చే పనులు పెట్టుకోకూడదు, డ్రాగన్‌తో కొట్లాడుతుంటే వంశధార పక్కన సిగ్నల్ పోతే మళ్ళీ లంబ్రిడ్జే. చెట్లు, చేపలు అయితే పర్లేదు, 0.6 సెకన్ల దేశం కదా, తట్టుకుంటది.

మామూలు అకౌంటా, బావ అన్నట్టు గ్రూప్ ఐరన్‌మ్యానా అన్నది ఇంకా మిగిలింది. ఐరన్‌మ్యాన్ అంటే బయటివాళ్ళ దగ్గర ఏదీ కొనకూడదు, తీసుకోకూడదు, గ్రాండ్ ఎక్స్ఛేంజ్ నిషేధం, తినే చేప నువ్వే పట్టాలి, పట్టే కత్తి నువ్వే సంపాదించాలి. గ్రూప్‌ది 2021 అక్టోబర్‌లో పెట్టారు, ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఒక జట్టు. మొదట వద్దనుకున్నాను. ఉన్న టైమే తక్కువ, బజారు కూడా లేకుండా ఏం ముందుకు పోతాం, బావకేమో రాత్రి షిఫ్ట్ దిగాక టైమే టైమ్, నేను వెనకబడితే ఆయనకి బరువు. మెసేజ్ కూడా టైప్ చేశాను వద్దని.

పంపేముందు రూల్స్ ఇంకోసారి చదివాను. 2008లో మా నెత్తిన రుద్దిన రూలు, ఎవరి దగ్గరా ఊరికే తీసుకోకూడదన్నది, ఇప్పుడు జనం కోరి మరీ పెట్టుకుంటున్నారు, అదొక తమాషా. కానీ గ్రూప్‌లో ఒక మినహాయింపుంది. ప్రపంచంలో ఎవరి దగ్గరా తీసుకోకూడదు, జట్టువాడి దగ్గర మాత్రం ఎంతైనా తీసుకోవచ్చు. లెక్కా పత్రం లేదు, 3,000 లేదు, ఏమీ పెట్టకుండా చెయ్యి చాపితే చాలు. ఇద్దరికీ కలిపి ఒక ఉమ్మడి పెట్టె కూడా ఉంటదట. మామూలు అకౌంట్‌లో ఆ కత్తి నేను మర్నాడే కొనుక్కోగలను, ఇక్కడైతే బావ సంపాదించి ఇవ్వాలి, లేకపోతే నేను ఆయనకివ్వాలి, మూడో దారి లేదు. టైప్ చేసింది చెరిపేసి ఫోన్ చేశాను.

షరతులు చెప్పాను. పాప పడుకునేదాకా నేను లేను. పండగలకి లేను. నువ్వు ముందుకి పరిగెత్తితే పరిగెత్తు, నా కోసం ఆగకు, వెనక్కి తిరిగి తిట్టకు. చేపలూ కట్టెలూ నావి, బండిలో అయిపోతాయి, కొట్లాటలు నీవి. అన్నిటికీ సరేనన్నాడు, మెంబర్‌షిప్ తను కడతానన్నాడు, నేను వద్దన్నాను, "ఒరే, ట్రేడ్ విండోలో తేడా చూపిస్తందా ఏటి, తీసుకో" అన్నాడు. గుర్తుంది మహానుభావుడికి. తర్వాత మళ్ళీ సాంబారు.

శనివారం రాత్రి ట్యుటోరియల్ ఐలాండ్, అంటే కొత్తవాళ్ళకి ఆట నేర్పే దీవి, పూర్తిచేసి జట్టు కట్టాలి. పేర్ల దగ్గర ఆగాం. 12 అక్షరాలు దాటకూడదు, ఊరి పేరు పెడదామంటే ఇంగ్లీషులో మా ఊరు పట్టట్లేదు, వాళ్ళ ఊరు సరిగ్గా సరిపోతోందని బావ ఒకటే గొప్పలు. జట్టు పేరుకి ఆయన పాతపట్నం అంటాడు, నేను ఆలూచాప్ అంటాను, ఇంకా తెగలేదు.